ఆంప్ మార్చే ముందు వైరు చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో కారు ఎలక్ట్రీషియన్‌ని. సెల్ఫ్ మోటార్లు, ఆల్టర్నేటర్లు, వైరింగు అన్నీ చూస్తాను గానీ, ఈమధ్య నా దగ్గరికొచ్చే బళ్ళలో సౌండ్ సిస్టమ్ గొడవలే ఎక్కువ. ఎండలు మొదలయ్యాయంటే మీ జిల్లా పేజీల్లో ఒక రకం వార్త తరచూ కనిపిస్తుంది. నడుస్తున్న కారులోంచి పొగలొచ్చాయి, లోపలివాళ్ళు వెంటనే దిగిపోయారు, కాసేపటికే బండి మొత్తం కాలిపోయింది, షార్ట్ సర్క్యూటే కారణమని భావిస్తున్నారు. అక్కడితో వార్త అయిపోతుంది. ఏ వైరు షార్ట్ అయింది, అది కంపెనీ వైరా, తర్వాత ఎవరైనా లాగిన వైరా అన్న సంగతి ఎక్కడా రాదు. అన్ని మంటలకీ సౌండ్ సిస్టమే కారణమని నేను అనడం లేదు. కానీ బానెట్ ఎత్తి నేను చూస్తున్న వైరింగు గురించి నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా మొత్తం వేయమని మనవి.

విషయం చిన్నదిగానే కనిపిస్తుంది. కారులో పాట నడుస్తుంటే బేస్, అంటే వూఫర్ అనే పెద్ద స్పీకర్ నుంచి వచ్చే దిమ్మదిమ్మ శబ్దం, ఆగిపోతుంది. మూడు నాలుగు సెకన్లు ఉండి మళ్ళీ వస్తుంది, మళ్ళీ పోతుంది. "బాబాయ్, సౌండ్ పెంచితే వూఫర్ కట్ అయిపోతోంది, తగ్గిస్తే పలుకుతోంది" అంటూ వస్తారు కుర్రాళ్ళు. నా దగ్గరికి వచ్చేసరికే వాళ్ళ చేతి డబ్బులు చాలావరకు అయిపోయి ఉంటాయి. మొదట బిగించిన షాపుకి వెళ్తే ఆంప్ (సౌండుని పెంచి స్పీకర్లకి పంపే ఆంప్లిఫైయర్) పోయిందంటారు. కొత్త ఆంప్ వేయిస్తే నాలుగు రోజులు బాగుండి మళ్ళీ అదే గొడవ. ఈసారి వూఫర్ కాయిల్ పోయిందంటారు. అదీ మారుస్తారు. ఆ తర్వాత బ్యాటరీ వీక్ అంటారు. మూడూ కొత్తవయ్యాక కూడా బేస్ ఆగుతూనే ఉంటుంది. ఎందుకంటే అసలు లోపమున్న వైరు జోలికి ఎవరూ వెళ్ళలేదు.

ఆంప్ అలా ఆగడం వెనక ఉన్న సంగతి బండి ఓనర్లకి తెలిస్తే ఈ ఖర్చులో చాలాభాగం తప్పుతుంది. మంచి ఆంప్ అన్నదాంట్లో రక్షణ కోసం ఒక సర్క్యూట్ ఉంటుంది. లోపలికి వచ్చే వోల్టేజీ బాగా పడిపోయినా, ఆంప్ ఒళ్ళు విపరీతంగా వేడెక్కినా, స్పీకర్ వైపు షార్ట్ ఉన్నా తనంతట తానే ఆగిపోతుంది. ప్రొటెక్ట్ అని రాసున్న చోట ఎర్ర లైటు వెలుగుతుంది. మన పల్లెల్లో బోరు మోటార్ల సంగతి అందరికీ తెలిసిందే. లో వోల్టేజీ వస్తే స్టార్టర్ పడిపోతుంది. రైతు మోటారు తీసి పారేసి కొత్తది కొనడు, లైను చూడమని లైన్‌మన్‌ని పిలుస్తాడు. ఓపిక లేనివాడు స్టార్టర్ పడిపోకుండా పుల్ల గుచ్చుతాడు, వైండింగు కాలిపోతుంది. కారులో జరుగుతున్నదీ ఇదే. పుల్ల బదులు ఫ్యూజుకి రాగి తీగ చుడుతున్నారు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఈమధ్య నూజివీడు వైపు నుంచి ఒకబ్బాయి చిన్న హ్యాచ్‌బ్యాక్ తెచ్చాడు. మామిడితోట వాళ్ళది. వాళ్ళ నాన్నగారు కూడా వచ్చారు, ఆయన మొహంలో కోపం దాచుకోలేదు. ఆంప్ రెండోది, వూఫర్ రెండోది. ఇక మీరు ఏది మార్చమన్నా మార్చేది లేదండీ, తీసి అవతల పారేయండి అన్నారాయన. ఏదీ మార్చను, ముందు మీటరు పెట్టి చూస్తాను, మీరూ పక్కన నిలబడి అంకెలు చూడండి అన్నాను.

ఇంజిన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు ఉంది. అంటే ఆల్టర్నేటర్ బాగానే చార్జి చేస్తోంది. పాట పెట్టి సౌండ్ పెంచమన్నాను. బేస్ పడినప్పుడు బ్యాటరీ దగ్గర 13.4కి దిగింది, అది మామూలే. మీటరు డిక్కీలోకి తీసుకెళ్ళి ఆంప్ ప్లస్, మైనస్ స్క్రూల మీద పెట్టాను. అదే పాట, అదే సౌండు. 10.6 దాకా పడింది, వూఫర్ ఆగింది. చాలా ఆంప్‌లు 10 వోల్టుల చుట్టుపక్కలకి వస్తే పనిచేయడం మానేస్తాయి. బ్యాటరీ దగ్గర 13.4 ఉంది, ఆంప్ దగ్గర 10.6 ఉంది. మధ్యలో 2.8 వోల్టులు ఎక్కడికి పోయాయి? ఆయనకి చూపించింది ఇదే. అవి దారిలో వేడిగా మారిపోతున్నాయి.

ఏ దారిలో పోతున్నాయో తెలుసుకోవడం ఇంకా తేలిక. పొడుగాటి టెస్ట్ వైరు ఒకటి ఉంటే చాలు. మీటరు ఒక పిన్ను బ్యాటరీ ప్లస్ మీద, రెండోది ఆంప్ ప్లస్ మీద పెట్టి పాట పెంచాను. 1.7 వోల్టులు చూపించింది. ఒకే వైరు రెండు కొసల మధ్య అంత తేడా ఉండకూడదు. తర్వాత బ్యాటరీ మైనస్‌కీ ఆంప్ మైనస్‌కీ మధ్య చూస్తే 1.1 వోల్టు. లెక్క సరిపోయింది. ఇక స్పానర్ తీయొచ్చు.

ఆంప్ మైనస్ నుంచి బండి బాడీకి కట్టే ఎర్త్ వైరు వెనక సీటు బెల్టు బోల్టుకి కట్టి ఉంది. బోల్టు కింద కారు పెయింటు పెయింటులాగే ఉంది. పెయింటు మీద కట్టిన ఎర్త్ ఎర్త్ కాదు. థింబుల్ (వైరు కొసకి తొడిగే రింగు) మర మీద ఏ కొంచెమో ఆనుకుని ఉన్నచోట నుంచే 40 యాంపుల దాకా కరెంటు పోతోంది. 1.1 వోల్టుని 40 యాంపులతో గుణిస్తే 44 వాట్లు. అంత వేడీ ఆ ఒక్క బోల్టు దగ్గర, కార్పెట్‌కి ఆనుకుని పుడుతోంది. పది నిమిషాలు పాట నడిచాక బోల్టు మీద వేలు ఆనించలేకపోయాం. చుట్టూ కార్పెట్ నూగు నల్లబడి గట్టిగా అట్టలా అయిపోయింది. అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది ఆ బోల్టుని ఎంచుకోవడం. సీటు బెల్టు బోల్టు ప్రమాదంలో మనిషి బరువంతా ఆపాల్సింది. దాన్ని విప్పి, కింద థింబుల్ దూర్చి, చేతికొచ్చినంత బిగించి వదిలేయడం ఏం పద్ధతి? బండి బాడీ మీద ఒట్టి రేకు ఎక్కడైనా దొరుకుతుంది. ఎమరీ పేపరుతో మెరిసేదాకా గీకి, బోల్టు వేసి, పైన తుప్పు పట్టకుండా కాస్త గ్రీజు రాస్తే అయిపోతుంది. అరమీటరు మించి పొడుగు కూడా అక్కర్లేదు.

ప్లస్ వైరు సంగతి చూద్దాం. పైన ప్లాస్టిక్ తొడుగు బొటనవేలంత లావుంది, మీద 8 గేజ్ అని అచ్చు వేసి ఉంది. కొస కత్తిరించి చూస్తే తొడుగే లావు, లోపల తీగలు నాలుగు చదరపు మిల్లీమీటర్లకి మించవు. 8 గేజ్ అంటే ఎనిమిదిన్నర దాకా ఉండాలి. అదీ రాగి కాదు. ఒక పోగు తీసి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడింది. అల్యూమినియం తీగకి పైన రాగి పూత. ఇలాంటి తీగ అదే మందం రాగి మోసే కరెంటులో సుమారు మూడింట రెండొంతులే మోస్తుంది. మరీ ముఖ్యంగా చెమ్మ తగిలిన చోట తెల్లటి పొడిలా రాలిపోతుంది, స్క్రూ కింద నలిగి వదులవుతుంది. ఈ వైరు ఆంప్ దగ్గర స్క్రూ కింద సగం పోగులు తెగిపోయి ఉంది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు హోల్డర్ ప్లాస్టిక్ ఒకవైపు మెత్తబడి వంగింది.

హోల్డర్ మూత తిప్పి తీశాను. లోపల గాజు ఫ్యూజు ఎప్పుడో పోయి ఉంది. దాని చుట్టూ రాగి పోగులు చుట్టి పెట్టారు. వాళ్ళ నాన్నగారు అది చేత్తో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఆ బండిలో రోజూ చిన్న పాపని బడికి తీసుకెళ్తారట.

కారు బ్యాటరీ 12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అని తేలిగ్గా తీసుకుంటారు. షాక్ కొట్టని మాట నిజమే. కానీ షార్ట్ అయితే ఆ బ్యాటరీ వందల యాంపుల కరెంటు వదులుతుంది. ఆ ప్లస్ వైరు బానెట్‌లోంచి, ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటికీ మధ్యనున్న ఫైర్‌వాల్ రేకు దాటి, కార్పెట్ కింద నుంచి, సీట్ల పట్టాల పక్కగా డిక్కీ దాకా వెళ్తుంది. రేకులో కన్నం దగ్గర రబ్బరు బుష్ లేకపోతే, బండి అదురుడికి రేకు అంచు రోజుకి కాస్త చొప్పున తొడుగుని కోస్తూ ఉంటుంది. ఒకరోజు రాగి బయటపడుతుంది. ఫ్యూజు ఉంటే టప్‌మని పోయి ఊరుకుంటుంది. ఫ్యూజుకి తీగ చుట్టి ఉంటే వైరు మొత్తం ఎర్రగా కాలుతుంది, దాంతోపాటు పైన ఉన్న కార్పెట్, స్పాంజి. ఈ ఫ్యూజు బ్యాటరీకి మూరెడు దూరంలోపే ఉండాలి. ఆంప్ మీద ఫ్యూజులున్నాయి కదా, ఇంకోటెందుకు అని అడిగేవాళ్ళున్నారు. ఆంప్ మీదవి ఆంప్ కోసం. బ్యాటరీ పక్కది వైరు కోసం, బండి కోసం, లోపల కూర్చున్న మనుషుల కోసం.

ఆ బండికి 25 చదరపు మిల్లీమీటర్ల రాగి వెల్డింగ్ కేబుల్ వేశాను. ఆటోనగర్‌లో అడిగితే మీటరు లెక్కన ఇస్తారు, మెత్తగా ఎటు కావాలంటే అటు వంగుతుంది. అయిదు మీటర్లు ప్లస్‌కి, అరమీటరు ఎర్త్‌కి. థింబుల్స్ సుత్తితో కొట్టకుండా క్రింపింగ్ టూల్‌తో నొక్కాను. బ్యాటరీ పక్కన 60 యాంపుల ఫ్యూజు, రేకు కన్నానికి రబ్బరు బుష్, దారి పొడుగునా ముడతల పైపు. సీటు బెల్టు బోల్టుని టార్క్ రెంచ్‌తో తిరిగి బిగించాను. మళ్ళీ అదే పాట పెడితే ఆంప్ దగ్గర 13.2 తగ్గలేదు. బండిలో ఉన్న ఆ రెండో ఆంప్, ఆ రెండో వూఫరే ఇప్పటికీ పలుకుతున్నాయి. మార్చేసిన మొదటి ఆంప్‌ని కూడా తెప్పించి బల్ల మీద పెట్టి చూశాం. అదీ బాగానే ఉంది.

ప్రతిదీ వైరు తప్పే అని అనుకోకండి. ఎప్పుడు ఆగుతోంది అన్నది గమనిస్తే సగం సంగతి అక్కడే తెలుస్తుంది. బేస్ పడినప్పుడల్లా ఆగి, దాంతోపాటు హెడ్‌లైట్లు కూడా మసకబారితే వోల్టేజీ అనుకోవాలి. బండి గోతుల్లో పడినప్పుడు ఆగితే ఎక్కడో లూజు: ఆంప్‌ని ఆన్ చేసే రిమోట్ వైరో, స్టీరియో నుంచి పాట తెచ్చే ఆర్‌సీఏ పిన్నో, వూఫర్ కోను (ముందు ఊగే గరాటు లాంటి అట్ట) నుంచి టెర్మినల్‌కి వచ్చే జడలాంటి మెత్తటి తీగో. ఆ తీగ కోనుతో పాటు ఊగీ ఊగీ లోపల తెగుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది. కోనుని వేళ్ళతో మెల్లగా లోపలికి నొక్కుతూ మీటరులో ఓమ్స్ (కరెంటుని ఎంత అడ్డుకుంటుందన్న కొలత) చూస్తే దొరికిపోతుంది. అరగంట బాగా పలికి ఆగి, బండి కాసేపు నీడలో పెట్టాక మళ్ళీ పలికితే వేడి. మన ఎండలకి మూసి ఉంచిన కారులో 60 డిగ్రీలు దాటడం వింత కాదు. అలాంటి బండిలో ఆంప్‌ని సీటు కింద కార్పెట్ మీద పడేసి పైన మ్యాట్ కప్పుతారు, లేదా వూఫర్ పెట్టె వెనక్కి స్క్రూ చేస్తారు. దాని ఒంటి మీద ఆ గాడులు గాలి తగలడానికే ఉన్నాయి. చుట్టూ నాలుగు వేళ్ళ సందు వదలండి.

రెండో వూఫర్ తగిలించిన రోజు నుంచి ఆగుతోందంటే ఓమ్స్ చూడాలి. నాలుగు ఓమ్స్ వూఫర్లు రెండిటిని పక్కపక్కన కలిపితే రెండు ఓమ్స్ అవుతుంది. రెండు చానళ్ళు కలిపి బ్రిడ్జ్ చేసిన చాలా ఆంప్‌లు నాలుగు కంటే కిందికి ఒప్పుకోవు. డబుల్ కాయిల్ వూఫర్ అయితే ఒక్కదానితోనే ఈ పొరపాటు జరుగుతుంది. 4+4 కాయిల్‌ని ఒకదాని వెనక ఒకటి కలిపితే ఎనిమిది, పక్కపక్కన కలిపితే రెండు. పెట్టె వెనక రెండు వైర్ల మీద మీటరు పెడితే చాలు, మూడున్నర దగ్గర చూపిస్తే నాలుగు ఓమ్స్ అని, రెండు కంటే తక్కువ చూపిస్తే రెండు ఓమ్స్ అని తెలుసుకోవచ్చు.

నిజంగా ఆంప్ పోయిందో లేదో ఓనరే తేల్చుకోవచ్చు. స్పీకర్ వైర్లన్నీ ఊడదీయండి. ఆర్‌సీఏలు కూడా పీకేయండి. ప్లస్, మైనస్, రిమోట్ మాత్రమే ఉంచండి. అప్పటికీ ఎర్ర లైటు పోకపోతే, ఆ మూడు వైర్లలో వోల్టేజీ సరిగ్గా ఉంటే, అప్పుడు ఆంప్ లోపల పోయినట్టే. ఎర్ర లైటు పోయి మామూలు లైటు వస్తే ఆంప్‌కి ఏ రోగమూ లేదు, బయట చూడండి. ఈ పని రెండు నిమిషాలు కూడా పట్టదు. షాపులో మీ ముందు ఇది చేసి చూపించకుండా కొత్త ఆంప్ అంటగడితే డబ్బు తీయకండి.

ఇక వాట్ల సంగతి. నూజివీడు అబ్బాయి ఆంప్ పెట్టె మీద 3000 వాట్లు అని పెద్దక్షరాలతో ఉంది. దాని ఫ్యూజు 40 యాంపులు. 40ని 13.8తో గుణిస్తే 552 వాట్లు. లోపలికి నిలకడగా వెళ్ళగలిగిందే 552 అయితే బయటికి 3000 ఎలా వస్తుంది? క్లాస్ డి అనే తక్కువ వేడెక్కే రకం ఆంప్ అయితే అందులో సుమారు 80 శాతం వూఫర్‌కి చేరుతుంది, ఏబీ రకమైతే సగం కంటే కాస్త ఎక్కువ. మిగిలింది వేడి. అంటే ఈ ఆంప్ మహా అయితే 440 వాట్ల ఆంప్. అది తక్కువేమీ కాదు, చిన్న కారుకి బోలెడు. పెట్టె మీద అంకె చూసి కొనేవాళ్ళకి నేను చెప్పేదొకటే, పక్కకి తిప్పి ఫ్యూజు చూడండి. అమెరికాలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం 2003లోనే సీఈఏ-2006 అని ఒక ప్రమాణం పెట్టుకుంది. 14.4 వోల్టుల దగ్గర, నాలుగు ఓమ్స్ లోడుకి, డిస్టార్షన్ (సౌండు చెడడం) 1 శాతం మించకుండా నిలకడగా ఇచ్చే ఆర్ఎంఎస్ వాట్లే రాయాలని దాని సారాంశం. పెట్టె మీద ఆ ముద్ర ఉంటే ఆ అంకెని కాస్త నమ్మొచ్చు. మాక్స్, పీక్ అని రాసిన అంకెలతో వైరు లెక్క గానీ ఫ్యూజు లెక్క గానీ కట్టకూడదు.

ఆ పెద్ద అంకె నమ్మడం వల్లే ఇంకో నష్టం జరుగుతోంది. 3000 వాట్లు కొన్నాను, సౌండు సరిపోవడం లేదని గెయిన్ స్క్రూని చివరిదాకా తిప్పేస్తారు. గెయిన్ సౌండు పెంచే మీట కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టే మీట. చివరిదాకా తిప్పితే సిగ్నల్ అలలు పైనా కిందా తెగిపోయి కాయిల్ మాడిపోతుంది. కాలిన లక్క వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిన వూఫర్ ఎక్కువ రోజులు బతకదు. మీటరుతో సరిగ్గా పెట్టుకోవచ్చు. వూఫర్ వైరు ఊడదీసి, బేస్ బూస్ట్ తీసేసి, స్టీరియోని నాలుగింట మూడొంతుల సౌండులో ఉంచి 50 హెర్ట్జ్ టోన్ పెట్టాలి. మీటరు ఏసీ వోల్టుల మీద పెట్టాలి. ఆంప్ 300 వాట్లది, వూఫర్ నాలుగు ఓమ్స్‌ది అయితే 300ని 4తో గుణించి వర్గమూలం తీస్తే దాదాపు 35 వస్తుంది. మీటరు 35 చూపించగానే గెయిన్ తిప్పడం ఆపేయాలి.

కెపాసిటర్ గురించి కూడా ఒక మాట. లైట్లు మసకబారుతున్నాయంటే చాలా షాపుల్లో ఒక ఫారడ్ కెపాసిటర్ (కాస్త కరెంటు దాచుకుని అవసరానికి వదిలే డబ్బా) అంటగడుతున్నారు, నీలం లైట్లతో అంకెలు చూపిస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. వోల్టేజీ 14 నుంచి 12కి దిగేలోగా అది ఇవ్వగలిగింది 26 జౌల్స్. 600 వాట్లు లాగే ఆంప్‌కి అది సెకనులో ఇరవయ్యో వంతుకి కూడా సరిపోదు. ఆ డబ్బు పెట్టి మంచి రాగి వైరు వేయించుకోండి.

కొత్త బళ్ళతో మరో చిక్కు వచ్చింది. ఇప్పుడు చాలా కార్లలో బ్యాటరీ మైనస్ క్లాంపుకి ఒక సెన్సర్ ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత పోతోంది, ఎంత వస్తోంది అని అది లెక్క చెప్తుంది, దాన్నిబట్టి కంప్యూటర్ ఆల్టర్నేటర్‌ని పెంచడం తగ్గించడం చేస్తుంది. ఆంప్ ఎర్త్‌ని తీసుకొచ్చి నేరుగా బ్యాటరీ పోస్టు మీద, సెన్సర్‌కి అవతల కడితే ఆ కరెంటు లెక్కలోకి రాదు. కంప్యూటర్ పొరబడుతుంది, బ్యాటరీ పొద్దున్నే స్టార్ట్ చేయదు. ఎర్త్ బాడీకే కట్టాలి.

ఇప్పుడు నా మనవులు.

కార్ డెకార్ షాపుల వారికి: మీరూ నా తోటివాళ్ళే, మీ కష్టం నాకు తెలుసు. కస్టమర్ బేరం ఆడేది ఆంప్ మీద, వూఫర్ మీద. ఆ తగ్గింపు ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి కాబట్టి వైరింగ్ కిట్‌లో తగ్గిస్తున్నారు. దయచేసి అక్కడ మాత్రం తగ్గించకండి. బిల్లు మీద వైరు రాగిదా అల్యూమినియందా, ఎన్ని చదరపు మిల్లీమీటర్లు, బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఎన్ని యాంపులు అని రాసివ్వండి. ఆ మూడూ రాసిన బిల్లు చేతిలో ఉంటే కస్టమర్‌కి ధైర్యం, మీకు పేరు. చాలాచోట్ల బిల్లు మీద "వైరింగ్ కిట్ 1" అని తప్ప ఇంకేమీ ఉండదు.

బండి ఓనర్లకి: సౌండ్ సిస్టమ్ వేయించుకుంటే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. బండితోపాటు రాని ఎలక్ట్రికల్ సామాను కోసం ఐఎంటీ 24 అని వేరే ఎండార్స్‌మెంట్ ఉంది, కాస్త ప్రీమియం కట్టి పాలసీలో ఎక్కించుకోవచ్చు. చెప్పకుండా వేయించుకున్న సామానుకి ఆ పాలసీ వర్తించదు. కంపెనీ వైర్లని కోసి జాయింట్లు వేయనివ్వకండి, వైరు కోయకుండా తగిలించే, మీ మోడల్‌కి సరిపోయే కప్లర్లు దొరుకుతాయి. ఫ్యూజు పోతే అదే నంబరు ఫ్యూజు వేయండి. మళ్ళీ పోతే ఎందుకు పోయిందో చూపించుకోండి. పెద్ద నంబరు వేయకండి, తీగ అసలే చుట్టకండి. పనిలో పనిగా, రాత్రి పది దాటాక ఇళ్ళ మధ్య బేస్ తగ్గించండి. మంచి సిస్టమ్ అద్దాలు ఎక్కించి వింటేనే బాగుంటుంది.

ఐటీఐలలో మోటారు వెహికల్, ఎలక్ట్రీషియన్ ట్రేడుల్లో పాఠాలు చెప్పే మాస్టార్లకి: వోల్టేజ్ డ్రాప్ అన్నది పిల్లలకి బోర్డు మీద చెప్తూనే ఉన్నారు. నా దగ్గర పనికి చేరే పిల్లలు సూత్రం గడగడా అప్పజెప్తారు, కానీ లోడు నడుస్తుండగా వైరు రెండు కొసలకీ మీటరు పెట్టడం ఇక్కడికొచ్చాకే మొదటిసారి చూస్తున్నారు. ఒక బ్యాటరీ, ఒక హెడ్‌లైటు బల్బు, తుప్పు పట్టిన ఒక థింబుల్ చాలు, ఒక్క పూటలో ఈ పాఠం చేత్తో నేర్పొచ్చు.

చివరిగా మీకు. కారు కాలిపోయిన వార్త వచ్చినప్పుడు, బండిలో కంపెనీ తర్వాత బిగించినవి ఏమైనా ఉన్నాయా అని మీ విలేకరి ఓనరుని ఒక్క మాట అడిగి రాస్తే పదిమందీ తమ బానెట్ ఎత్తి చూసుకుంటారు. అలాగే ఈ ఉత్తరాన్ని ఎండలు ముదరకముందే వేయగలిగితే మేలు. శుభకార్యాలకీ తిరుపతి ప్రయాణాలకీ బళ్ళు దూరాలు తిరిగే రోజులవి. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన లావుపాటి వైరు పట్టుకుని మూరెడు దూరంలో ఫ్యూజు ఉందో లేదో, ఉంటే లోపల ఏముందో చూసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కారు ఎలక్ట్రీషియన్,
ఆటోనగర్, విజయవాడ